60 శాతం అంటే మంచిదా, చెడ్డదా?

నాన్న రిపోర్టులో "పీడీ-ఎల్1: 60 శాతం" అని చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. క్యాన్సర్ అంత పాకిందేమో అనుకున్నాను. కాదని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. అలాంటి కాగితం పట్టుకుని టెన్షన్ పడుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాన్నది ఖమ్మం దగ్గర వ్యవసాయం. దగ్గు తగ్గకపోతే మొదట టీబీ అనుకుని మందులు వాడించారు. చివరికి హైదరాబాద్‌లో సీటీ స్కాన్, సూదితో బయాప్సీ చేశారు. ఊపిరితిత్తుల్లో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్, నాలుగో స్టేజ్.

బయాప్సీలో తీసిన ముక్కను మైనంలో బిగించి బ్లాక్ చేస్తారు. ఆ తర్వాతి పరీక్షలన్నీ దాని మీదే. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యువుల్లో మార్పులుంటే వాటికి వేరే మాత్రలున్నాయి కాబట్టి ముందు అవి చూశారు. నాన్నకు లేవు. పీడీ-ఎల్1 దగ్గరికి వచ్చేసరికి ముక్క అయిపోయింది. స్లైడు మీద కనీసం వంద చెడిపోని క్యాన్సర్ కణాలు కనిపిస్తేనే ఆ లెక్క నమ్మవచ్చట. మళ్లీ బయాప్సీ అన్నారు. "మళ్లీ పొడుస్తారా తల్లీ?" అని నాన్న అడిగితే నాకు నోట మాట రాలేదు. ఈ పరీక్షలన్నిటికీ ముక్క సరిపోతుందా అని మొదటిసారే అడిగి ఉండాల్సింది. మీరు తప్పకుండా అడగండి.

రెండోసారి వచ్చిందే ఆ 60. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల మీద పీడీ-1 అనే ప్రొటీన్ ఉంటుంది. 1992లో జపాన్‌లో తసుకు హోంజో ల్యాబ్ దాన్ని కనుక్కుంది. ఆయనకు 2018లో నోబెల్ వచ్చింది. క్యాన్సర్ కణం తన మీది పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌తో దాన్ని తాకితే టీ కణం దాడి ఆపేస్తుంది. 60 అంటే నూటికి 60 క్యాన్సర్ కణాల మీద అది కనిపించిందని అర్థం.

"మరి అది చెడ్డదే కదా సార్?" అన్నాను. ఆ తాకిడిని అడ్డుకునే పెంబ్రోలిజుమాబ్ లాంటి మందు లేకపోతే ఆ అంకె భరోసా ఇవ్వదు. మందు ఉన్నప్పుడు, 50 దాటితే అది పనిచేసే అవకాశం ఎక్కువ. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే మార్పులు లేకపోతే కీమో లేకుండా అదొక్కటే మొదలుపెట్టవచ్చన్నారు. అప్పుడు నా మనసు కుదుటపడింది.

రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) కూడా ఎక్కువుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్ సంకేతం ఇస్తే కాలేయం సీఆర్‌పీని తయారుచేస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ రెండూ ఎక్కువగా ఉన్నవాళ్లకు సగటున ఫలితాలు అంత బాగుండవు. కానీ ఇన్ఫెక్షన్ వచ్చినా అవి పెరుగుతాయి. నాన్నకు అప్పుడు ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉంది. అది తగ్గాక చూస్తే సీఆర్‌పీ సగానికి పైగా దిగింది. ఒక్క రోజు రిపోర్టు చూసి నేను ఎంత ఏడ్చానో.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన దగ్గు మాత్రలు కూడా తెమ్మన్నారు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇమ్యూనోథెరపీ, అంటే పెంబ్రోలిజుమాబ్ లాంటి మందు, సరిగా పనిచేయకపోవచ్చట.

మూడు వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కించారు. ఖర్చు లక్షల్లోనే. కంపెనీల సహాయ పథకం గురించి ఆస్పత్రిలో అడిగి దరఖాస్తు పెట్టుకున్నాం. నాలుగు డోసుల తర్వాత స్కాన్‌లో గడ్డ తగ్గింది. థైరాయిడ్ దెబ్బతింది, దానికి రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటున్నారు.

రెండో బ్లాక్‌ను ల్యాబ్ నుంచి సంతకం పెట్టి వెనక్కి తెచ్చుకున్నాను. ఇప్పుడది బీరువాలో, నాన్న పొలం పాస్‌బుక్ పక్కనే ఉంది.