తోక మొదట్లో చుట్టిన తాడు

"బతికే ఉన్నాయి కదండీ, మరి ముందుకు ఎందుకు పోవట్లేదు?"

ఇవాళ ల్యాబ్‌లో స్క్రీన్ మీద తన వీర్యకణాల్ని చూస్తూ ఒకాయన అడిగాడు. చేతిలో రిపోర్టు నలిగిపోయింది. ముందుకు ఈదేవి నూటికి 11. డబ్ల్యూహెచ్ఓ 2021 లెక్కలో కింది హద్దే 30.

ఒక కణం ఉన్నచోటే తోక ఆడిస్తోంది, బురదలో చిక్కిన చేపపిల్లలా.

తల వెనకాల, తోక మొదట్లో చూపించాను. అక్కడ 50 నుంచి 75 మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తినిచ్చే భాగాలు, తాడు చుట్టినట్టు ఉంటాయి. కణం తయారయ్యేటప్పుడు ఒంట్లో ఉన్నదంతా దాదాపు వదిలేసుకుని వీటిని మాత్రం దాచుకుంటుంది. ఆ చుట్టు దెబ్బతింటే ఈత కుంటుపడుతుంది. అంత దూరం మోసుకెళ్ళినా అండం వాటిని లోపలే కరిగించేస్తుంది. మన ఒంట్లో ఉన్నవి అమ్మవే! ఎన్నేళ్ళుగా చదువుతున్నా ఇక్కడికొచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది.

కొత్త వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు. సిగరెట్ మానేసి మళ్ళీ రమ్మన్నారు డాక్టరుగారు.

బయట ఆయన భార్య కూర్చుని ఉంది. మూడేళ్ళుగా పరీక్షలన్నీ ఆవిడకే. ఆయనకిది మొదటిది. చాలా బాధేసింది.

ఆయన వెళ్ళి ఆవిడ ఒళ్ళో ఉన్న లావుపాటి ఫైలు తన చేతుల్లోకి తీసుకున్నాడు.