బీపీ పేషెంటు: కఫ్ కట్టేటప్పుడు, విప్పాక

ఓపీలో రద్దీ పెరిగిందంటే బీపీ చూడటంలో మొదట ఎగిరిపోయేది నాడి పట్టుకుని చూసే పని. స్టెత్ పెట్టకముందే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కఫ్‌లో (చేతికి చుట్టే పట్టీలో) గాలి నింపాలి. నాడి ఎక్కడ అందకుండా పోయిందో చూసి, ఇంకో 30 పైకి ఎక్కించి, సెకనుకు 2 మి.మీ. చొప్పున దించుతూ వినాలి. కొందరికి, ముఖ్యంగా ఏళ్ల తరబడి బీపీ ఉన్న పెద్దవాళ్లకి, శబ్దం 200 దగ్గర మొదలై 170కి మాయమై, 150 దగ్గర మళ్లీ వినబడుతుంది. అలవాటుకొద్దీ 160 దాకా ఎక్కించి ఆపినవాళ్లు 150 అని రాసేస్తారు. 50 పాయింట్లు గల్లంతు!

కఫ్ లోపలి రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టుకోవాలి. లావు చేతికి మామూలు కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. చెయ్యి గుండె ఎత్తులో ఆనించకుండా వేలాడేసినా అంతే. మొదటిసారి వచ్చినవాళ్లకి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చెయ్యి ఏదో చీటీ మీద రాయండి, ఇకమీదట అదే చెయ్యి. పెద్దవాళ్లనీ, షుగరున్నవాళ్లనీ నిలబెట్టి 1, 3 నిమిషాలకు మళ్లీ చూడాలి. పైది 20 గానీ కిందది 10 గానీ పడిపోతుంటే మందు పెంచే తొందర వద్దు.

చిన్న వయసులోనే బీపీ వచ్చినవాళ్లలో ఒక చేత్తో మణికట్టు నాడి, రెండో చేత్తో గజ్జలో నాడి ఒకేసారి పట్టండి. రెండూ కలిసి కొట్టాలి. గజ్జలోది వెనకబడినా, నీరసంగా ఉన్నా బృహద్ధమని (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) ఒకచోట నొక్కుకుపోయి ఉండొచ్చు. అప్పుడు కాలికీ బీపీ చూడాలి. మామూలుగా చేతికంటే కాస్త ఎక్కువ ఉండాల్సింది, వీళ్లకి తక్కువ వస్తుంది. మొహమాటంతో వదిలేసే పరీక్ష ఇదే. తెర వేసి, ఎందుకో ఒక మాట చెబితే ఎవరూ కాదనరు.

బొడ్డుకి కాస్త పైన, పక్కగా స్టెత్ అదిమి వింటే మూత్రపిండాల రక్తనాళం సన్నబడ్డప్పుడు ఒక్కోసారి హోరు వినిపిస్తుంది. వినిపించనంత మాత్రాన లేదనుకోకూడదు.

పాదాల వాపుని చూడగానే గుండె ఫెయిల్యూర్ అనుకోకండి. మెడ సిర ఉబ్బలేదు, ఆయాసం లేదు, ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వాడుతున్నారు అంటే ముందు ఆ మాత్రనే అనుమానించాలి. దానికి లేసిక్స్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) రాసినా వాపు పెద్దగా తగ్గదు.

కంటి వెనక పొర చూడటం కంటి డాక్టరు పనేనని తోసెయ్యొద్దు. బీపీ 180/120 దాటినవాళ్లకి గది చీకటి చేసి చూడండి. నిప్పుమంటల్లా రక్తపు చారలు, దూదిపింజల్లా తెల్లమచ్చలు, నరం మొదట్లో వాపు కనిపిస్తే వారం తర్వాత రమ్మని పంపే కేసు కాదు, అదే రోజు అడ్మిషన్.