ఇంటి నంబరు కాస్తా తేదీ అయిపోయింది

ద్వారకానగర్‌లో ఒక షాపు వాళ్ల డెలివరీ లిస్టు, అంటే గడులను కామాలతో విడదీసే సీఎస్‌వీ ఫైలు, సైట్‌లోకి ఎక్కించే పని ఇవాళ్టికి తెమిలింది. పాత కోడ్‌లో ఎవరో మహానుభావుడు పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే భాష) లోని ఎక్స్‌ప్లోడ్ ఫంక్షన్‌తో కామా కనిపించిన చోటల్లా లైన్‌ని నరికేశాడు, మన వైజాగ్ అడ్రసేమో "ఎంవీపీ కాలనీ, సెక్టార్ 6, రైతు బజార్ దగ్గర" అని కామాల మీదే నడుస్తుంది, దాంతో ఫోన్ నంబరు ఉండాల్సిన గడిలో రైతు బజార్ వచ్చి కూర్చుంది. కామా ఉన్న ఫీల్డ్‌ని (గడిని) డబుల్ కోట్స్‌లో పెట్టాలి, లోపల కోట్ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి అని సీఎస్‌వీ ఫార్మాట్‌ని వివరించే 2005 నాటి ఆర్ఎఫ్‌సీ 4180 పత్రంలోనే ఉంది కదా! చదవడానికి ఎఫ్‌గెట్‌సీఎస్‌వీ, రాయడానికి ఎఫ్‌పుట్‌సీఎస్‌వీ అని పీహెచ్‌పీలోనే ఫంక్షన్లు ఉండగా ఈ నరుకుడెందుకో. ఒక్కటే మెలిక, వాటిలో ఎస్కేప్ (తర్వాతి గుర్తుని మామూలు అక్షరంగా చూడమని చెప్పే గుర్తు) దగ్గర డిఫాల్ట్‌గా ఉండే బ్యాక్‌స్లాష్ తీసేసి ఖాళీ స్ట్రింగ్ ఇవ్వాలి.

అసలు తలనొప్పి ఎక్సెల్. ఫైలు మొదట్లో యూటీఎఫ్-8 బీఓఎం (అక్షరాలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో చెప్పే గుర్తు) లేకపోతే తెలుగు పేర్లన్నీ చెత్త అక్షరాలే. అది సర్దాక 9-8-12 లాంటి డోర్ నంబర్లను తేదీలు చేసి పారేసింది. "ఏటి బాబూ, ఇంటి నంబరు అడిగితే డెలివరీ డేట్ ఇచ్చావు" అని ఓనర్ గారు ఒకటే నవ్వు. ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని ఎంచుకోమని చూపించి వచ్చాను.