పెళ్లికి వెళ్తే క్లచ్ పోయింది: వ్యాలే పార్కింగ్‌తో నా అనుభవం

కారు కంటే ముందు వాసన వచ్చింది. రాత్రి పదకొండు దాటింది. హైదరాబాద్ నాగోలు దగ్గర ఓ ఫంక్షన్ హాల్ పోర్టికోలో నిలబడి ఉన్నాం, నేనూ, మా ఆవిడా, ఆవిడ భుజం మీద నిద్రపోతున్న మా చిన్నదీ. చేతిలో తాంబూలం సంచులు. బయట సన్నగా వాన. మన బండి తీసుకెళ్లి పార్క్ చేసి, వెళ్లేటప్పుడు తెచ్చిపెట్టే వ్యాలే కుర్రాళ్లకి టోకెన్ ఇచ్చి ఇరవై నిమిషాలైంది. మా వెనక వచ్చినవాళ్లు కూడా బళ్లెక్కి వెళ్లిపోతున్నారు. అప్పుడు సెల్లార్ వైపు నుంచి ఏదో మాడిన వాసన. వంటవాళ్లు అడుగంటించారేమో అనుకున్నాను. మా ఆవిడ ముక్కు ఎగబీల్చి, "ఇది వంట వాసన కాదండీ" అంది.

వెళ్లి చూస్తే ర్యాంప్ మధ్యలో మా కారు ఆగి ఉంది. ఒక కుర్రాడు వెనక చక్రానికి రాయి పెడుతున్నాడు, ఇంకొకడు స్టీరింగ్ దగ్గర కూర్చుని ఉన్నాడు. హెడ్‌లైట్ల వెలుగులో బానెట్ సందుల్లోంచి పల్చటి పొగ. ఇంజిన్ తిరుగుతోంది, తొక్కితే గట్టిగా అరుస్తోంది కూడా, బండి మాత్రం అంగుళం కదలట్లేదు. నన్ను చూడగానే స్టీరింగ్ ముందున్న కుర్రాడు అన్నాడు, "సార్, మీ బండి క్లచ్ ముందే ఖరాబుంది."

మూడు గంటల క్రితం ఆ బండిని వనస్థలిపురం నుంచి నేనే నడుపుకుంటూ వచ్చి, తాళం అతని చేతిలో పెట్టాను. అదే మాట అన్నాను. ఇంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. మాట్లాడకుండా నా చేతిలోని టోకెన్ ముక్కను తిప్పి వెనక చూపించాడు. చీమల్లాంటి అక్షరాలు: వాహనం యజమాని సొంత బాధ్యతపై పార్క్ చేయబడును, నష్టానికి యాజమాన్యం బాధ్యత వహించదు. ఆ టోకెన్ ఎన్నిసార్లు తీసుకుని ఉంటానో, వెనక ఏముందో చదవడం అదే మొదటిసారి.

అరిచి లాభం లేదని అర్థమైంది. పైగా లోపల జీలకర్ర బెల్లం అప్పుడే అయింది, పెళ్లికూతురి నాన్నగారు మా ఆవిడకి మేనమామ. గొడవ పెద్దదైతే ఆయనే బయటికి రావాలి. ఆ టెన్షన్‌లో కూడా రెండు పనులు చేశాను, అవే తర్వాత నన్ను కాపాడాయి. ఒకటి, ర్యాంప్ మీద కారున్నది ఉన్నట్టు ఫోన్‌లో వీడియో తీశాను, కిలోమీటర్ల మీటరుతో సహా. రెండు, వాళ్ల రిజిస్టర్‌లో రాయించాను: బండి రాత్రి 8.10కి నడుస్తూ వచ్చింది, 11.20కి ర్యాంప్ మీద ఆగిపోయింది, నడుపుతున్నది వ్యాలే డ్రైవర్. సూపర్‌వైజర్ సంతకం పెట్టనన్నాడు. "తప్పు మీదని రాయమనట్లేదు బాబూ, జరిగింది రాయి చాలు" అంటే పెట్టాడు. తప్పెవరిదో ఆ రాత్రే తేల్చాలని కూర్చుని ఉంటే ఆ సంతకం కూడా దక్కేది కాదు.

క్యాబ్‌లో ఇంటికి వచ్చాం. పడుకునే ముందు హాల్ వాళ్ల ఈమెయిల్‌కి నాలుగు లైన్లు రాశాను, ర్యాంప్ దగ్గరి సీసీ కెమెరా రికార్డింగ్ చెరిపెయ్యకుండా ఉంచమని. రికార్డింగ్ దాచే పెట్టె, డీవీఆర్, నిండితే పాతది దానంతటదే పోతుంది. పదిహేను రోజులు ఆగి అడిగితే "లేదు సార్" అంటారు, అది అబద్ధం కూడా కాకపోవచ్చు.

పొద్దున్నే ఇన్సూరెన్స్‌కి ఫోన్. వాళ్లు రెండు నిమిషాల్లో తేల్చేశారు: బండి దేనికైనా గుద్దుకుందా? లేదు. నీళ్లలో మునిగిందా? లేదు. అయితే ఇది మెకానికల్ బ్రేక్‌డౌన్, పాలసీలో రాదు. అరుగుదల అసలే రాదు. టోయింగ్ కోసం విడిగా కట్టే యాడ్-ఆన్ నేను తీసుకోలేదు కాబట్టి అది కూడా మన జేబులోంచే, 1,800.

ఇక హాల్ వాళ్లు. మేనేజర్ చాలా మర్యాదస్తుడు. "వ్యాలే మాది కాదండీ, కాంట్రాక్ట్‌కి ఇచ్చాం" అని నంబర్ ఇచ్చాడు. కాంట్రాక్టర్‌కి చేస్తే, "మాకు డబ్బిచ్చింది పెళ్లివాళ్లు సార్, మీరు కాదు కదా, వాళ్లతో మాట్లాడుకోండి" అన్నాడు. అంటే అప్పగింతల కన్నీళ్లు ఇంకా ఆరని మావయ్యగారికి ఫోన్ చేసి, నా క్లచ్ ప్లేటు డబ్బులిమ్మని అడగాలన్నమాట!

మా తోడల్లుడు ఎల్బీనగర్ కోర్టులో వకీలు. ఆ సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆయన టోకెన్ వెనక్కి తిప్పి చూసి నవ్వాడు.

"అన్నయ్యా, ఈ ఒక్క లైనుతో వాళ్లు తప్పించుకోలేరు. తాళం తీసుకున్నారంటే బండిని వాళ్ల అధీనంలోకి తీసుకున్నట్టే. ఉత్త పార్కింగ్ స్థలం ఇచ్చి, మీరే పెట్టుకుని తాళం మీరే జేబులో వేసుకుంటే అది వేరే సంగతి."

1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో దీన్ని బెయిల్‌మెంట్ అంటారట. సెక్షన్ 151 ప్రకారం, అలా తీసుకున్న వస్తువును మామూలు తెలివున్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. అంత జాగ్రత్తా తీసుకున్నాక కూడా పాడైతే వాళ్ల తప్పు లేదు, అది 152. ఈ విషయంలో 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది, ఢిల్లీ తాజ్ మహల్ హోటల్‌కీ, అక్కడ పోయిన కారుకి బీమా ఇచ్చిన యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్‌కీ మధ్య. 1998 ఆగస్టు 1 రాత్రి ఒకాయన తన మారుతీ జెన్‌ను హోటల్ వ్యాలేకి ఇచ్చి లోపలికి వెళ్లాడు, తిరిగొచ్చేసరికి ఎవరో ఎత్తుకుపోయారు. అక్కడి టోకెన్ మీద కూడా యజమాని బాధ్యతే అని ఉంది. తమ మనుషుల నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే ఆ మాట చూపించి బయటపడటం కుదరదనీ, అప్పగించినప్పుడున్న స్థితిలో బండి తిరిగి రాకపోతే ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సింది హోటలేననీ కోర్టు అంది. జెన్ పోయిన ఇరవై ఒక్కేళ్లకి వచ్చిన తీర్పు అది. నేను క్లచ్ కోసం అన్నేళ్లు ఆగగలనా అని అడిగితే ఆయన సమాధానం చెప్పలేదు.

డబ్బు కట్టింది మావయ్యగారు కదా అన్నదానికి కూడా జవాబుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, డబ్బు కట్టినవాడి ఆమోదంతో సేవ వాడుకున్నవాడు కూడా వినియోగదారుడే. పెళ్లికి పిలిచి పార్కింగ్ పెట్టించాడంటే ఆమోదం లేకపోవడమేముంది. ఆయన్ని ఇందులోకి లాగక్కర్లేదు. అది విన్నాక మా ఆవిడ మొహం తేటపడింది.

"కానీ అది దొంగతనం కేసు, ఇది క్లచ్ కేసు" అన్నాడు తోడల్లుడు. "అరిగిపోయే పార్టు ఎవరి చేతిలోనైనా పోవచ్చు, నీ చేతిలో కూడా. వాళ్ల చేతిలో పోయిందని చూపిస్తే చాలదు, వాళ్లు నడిపిన తీరు వల్ల పోయిందని ప్లేటే చెప్పాలి. వాళ్ల మనిషి లేకుండా గేర్‌బాక్స్ దించనివ్వకు."

కాబట్టి కారు మూడు రోజులు ఆటోనగర్‌లో మా మెకానిక్ ఉస్తాద్ షెడ్డు బయట కదలకుండా ఉంది. కాంట్రాక్టర్‌కి వాట్సాప్‌లో తేదీ, టైమ్ పెట్టాను, రాకపోతే మీరు లేకుండానే విప్పుతామని కూడా రాశాను. సోమవారం పొద్దున సూపర్‌వైజర్ వచ్చాడు, వెంట ఆ కుర్రాడు కూడా. పగటి వెలుగులో చూస్తే ఇరవై ఏళ్లుంటాయేమో. వచ్చి ఒక మూల నిలబడ్డాడు.

గేర్‌బాక్స్ దించి ప్లేటు బయటికి తీశాక ఉస్తాద్ దాన్ని గోనెపట్టా మీద పెట్టాడు. భోజనం పళ్లెమంత ఉంటుంది. చుట్టూ ఉండే గరుకు లైనింగ్ మీద గోరుతో గీస్తే అద్దంలా జారిపోయింది, అక్కడక్కడా బొగ్గులా పెళుసెక్కి రాలుతోంది. "ఇది చూడున్రి" అని, క్లచ్ ప్లేటుని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు తిప్పాడు. మెరిసే ఇనుము మీద నెమలికంఠం రంగులో మచ్చలు, కాకరకాయ చక్రాలంత. ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం, ఫ్లైవీల్, మీద కూడా అవే, వాటి చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు. మామూలుగా అరిగితే లైనింగ్ అంతటా సమంగా పల్చబడి రివెట్లు తేలతాయట, ఇనుము ఇలా నీలం తిరగదట. నీలం తిరిగిందంటే ఒకేసారి బాగా కాలినట్టే.

"హాఫ్ క్లచ్‌ల పెట్టి చడావు మీద నిలబెట్టిండు" అన్నాడు ఉస్తాద్, కుర్రాడి వైపు చూడకుండానే. ముందు బండ్లు ఆగితే హ్యాండ్ బ్రేక్ లాగాలి. అది లాగకుండా క్లచ్ సగం వదిలి, యాక్సిలరేటర్‌తో బండిని పట్టి ఉంచితే ఆ బరువంతా ప్లేటు రాపిడి మీదే నిలబడుతుంది. కుర్రాడు తల దించుకుని ఒక్క మాటే అన్నాడు. ఆ రోజు వచ్చినవి దాదాపు అన్నీ ఆటోమేటిక్ బండ్లేనట, మాది డీజిల్ మాన్యువల్.

నేను గెలిచేశాననుకున్నాను. సరిగ్గా అప్పుడే ఉస్తాద్ ప్లేటు అంచును వేళ్లతో కొలిచి, అందరికీ వినపడేలా అన్నాడు: "కానీ ప్లేటు గూడ ముసల్దే సార్. నేను జూన్‌లనే చెప్పిన గద, క్లచ్ పైకొచ్చింది, మార్చుకోవాలె అని."

చెప్పాడు. నిజమే. పెడల్ పైకొచ్చేసిందనీ, ఐదారు వేల కిలోమీటర్లకి మించి రాదనీ జూన్‌లో సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడే చెప్పాడు. 78 వేలు తిరిగిన బండి. దసరాకి చూద్దాంలే అనుకున్నాను. ఈ సంగతి తోడల్లుడికి చెప్పలేదు, మా ఆవిడకి కూడా. సూపర్‌వైజర్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. ఉస్తాద్ మీద కోపం వచ్చిన మాట వాస్తవం. అయితే ఆ ఒక్క మాట వల్లే, అంతకుముందు ఆయన చెప్పిన నీలం మచ్చల మాటని కూడా వాళ్లు కాదనలేకపోయారు.

సాయంత్రం తోడల్లుడికి ఫోన్ చేస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సెక్షన్ 150 చదివి వినిపించాడు. వస్తువు అప్పగించేవాడు తనకి తెలిసిన లోపాన్ని తీసుకునేవాడికి చెప్పాలి, దాన్ని వాడటానికి అడ్డమయ్యే లోపమైతే. చెప్పకపోతే దానివల్ల వాళ్లకి కలిగే నష్టం మనదే. "ఇక్కడ నష్టం వాళ్లకి కాదు, నీకే కాబట్టి సూటిగా తగలదు. కానీ వినియోగదారుల కమిషన్ ముందు దీన్నే పట్టుకుని నీ మీదకి తిప్పుతారు. సగానికి దగ్గరగా ఎంత ఇచ్చినా తీసుకో అన్నయ్యా." వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. నోటీసు కూడా తయారుచేసుకున్నాం.

నోటీసు పంపే అవసరం రాలేదు. ఈమెయిల్ పెట్టిన ఆరో రోజు హాల్ మేనేజర్ పిలిచి రికార్డింగ్ చూపించాడు. రంగుల్లేని చిన్న బొమ్మ. ర్యాంప్ మీద ఐదు బండ్ల వరస, మూడోది మాది. ముందువాటి వెనక బ్రేక్ లైట్లు వెలిగి ఉన్నాయి, మా బండివి మాత్రం వెలగట్లేదు. అంటే బ్రేక్ మీద కాలే లేదు. బండి జానెడు వెనక్కి జారడం, మళ్లీ ముందుకు ఎగబాకడం, మళ్లీ జారడం. బొమ్మ మూలనున్న గడియారంలో నాలుగు నిమిషాలు నడిచాయి. ఊయలలా ఊగుతున్న నా బండిని అలా చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. మేనేజర్ గొంతు సవరించుకుని కాంట్రాక్టర్‌కి ఫోన్ కలిపాడు.

మొత్తం బిల్లు 16,900. క్లచ్ సెట్టు 9,400, ఫ్లైవీల్ ఫేసింగ్ 1,200, లేబర్ 4,500, టోయింగ్ 1,800. కాంట్రాక్టర్ ఐదు వేల దగ్గర మొదలుపెట్టాడు. ప్లేటు ముసలిది కాబట్టి దాని సంగతి నేను చూసుకుంటాను, కాల్చినందుకు మిగతావి మీవి అన్నాను. అటూ ఇటూ లాగి 9,000 దగ్గర తెగింది. "వాడి జీతంలో కోసుకుంటాంలెండి" అన్నాడు చివర్లో, నన్ను సంతోషపెట్టడానికన్నట్టు. అలా అయితే ఒప్పందమే వద్దన్నాను. ఆ కుర్రాడికి మాన్యువల్ బండి ఇచ్చి ర్యాంప్ ఎక్కించమన్నది వాళ్లే కదా. కోయనని ఆయన మాటైతే ఇచ్చాడు. నిలబెట్టుకున్నాడో లేదో కనుక్కునే దారి నాకు లేదు.

డబ్బు గురువారం ఫోన్‌పేలో పడింది. రాత్రి మా ఆవిడకి లెక్కంతా చెప్పాను, జూన్‌లో ఉస్తాద్ అన్న మాట కూడా అప్పుడే బయటపెట్టాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ వేళ్ల మీద ఏదో కూడింది.

"అంటే దసరాకి మనమే మార్పించుకుని ఉంటే సెట్టూ లేబరూ కలిపి పద్నాలుగు వేలు అయ్యేది. ఇప్పుడు మన చేతి నుంచి పోయింది ఎనిమిది. అంతేనా?"

అంతే. ఆ లెక్క మా తోడల్లుడికి చెప్పొద్దని బతిమాలుకున్నాను.