హెచ్ నొక్కితే ఏమీ పలకలేదు

“మేడం, హెచ్ నొక్కుతుంటే ఒక్క హెడింగూ దొరకట్లేదండీ.” చూపు లేని కుర్రాడు, తెర మీది రాతని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ని హెడ్‌ఫోన్స్‌లో వింటున్నాడు. అందులో హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్‌కి వెళ్తుంది.

నా కంటికి ఆ కోర్సు పేజీ పొందిగ్గానే ఉంది. పెద్ద అక్షరాలు, ముదురు నీలం. కానీ అవన్నీ బోల్డ్ చేసి సైజు పెంచిన మామూలు పేరాలే. ఇది శీర్షిక అని స్క్రీన్ రీడర్‌కి తెలిపే హెడింగ్ స్టైల్ ఎక్కడా లేదు. మూడో యూనిట్ కావాలంటే తను పైనుంచి మొత్తం వినాల్సిందే!

పక్కపక్కనే కూర్చుని ఒక్కో శీర్షికనీ ‘హెడింగ్ 2’ స్టైల్‌లోకి మార్చాం. బొమ్మలకి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ) ఎలా ఉండాలో తనే చెప్పాడు: “‘గ్రాఫ్’ అని వదిలేయకండి మేడం, పెరుగుతోందో తగ్గుతోందో రాయండి.”

లేత బూడిద రంగు అక్షరాలూ మార్చాం. డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండటానికి పెట్టిన అంతర్జాతీయ మార్గదర్శకాలు) ప్రకారం మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. ఎండలో ఫోన్ చూసేవాళ్ళకీ అదే మేలు.

తెలుగు నోట్స్ దగ్గరే మనసు చివుక్కుమంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, స్క్రీన్ రీడర్‌కి ఉత్త బొమ్మలు. అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నవైతే అర్థంలేని అక్షరాలుగా వినిపిస్తాయి. మన భాషలో పాఠం ఉండీ మన పిల్లాడికి అందకపోవడం చాలా అన్యాయం.

రేపటి నుంచి వాటిని, స్క్రీన్ రీడర్ తెలుగుగానే చదవగలిగేలా, యూనికోడ్‌లో టైపు చేస్తున్నా. తలో యూనిట్ తీసుకునేవాళ్ళుంటే చెప్పండి.