డాబా మీద యాంటెన్నా: ఉపగ్రహ చిత్రాల సాధన ఎంతవరకు వచ్చిందంటే

రష్యా వాతావరణ ఉపగ్రహం మీటియార్ ఎం ఎన్2-4 పంపిన బంగాళాఖాతం చిత్రం, మా డాబా మీద నేను బిగించిన యాంటెన్నాకు ఈ వారం శుభ్రంగా అందింది. శ్రీలంక నుంచి ఒడిశా దాకా ఎక్కడా గీత తెగలేదు. గోదావరి, కృష్ణా డెల్టాలు సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఇంజనీరింగ్ చదువుతున్న నాకు ఏ మార్కుల జాబితా ఇంత ఆనందం ఇవ్వలేదు. నేను ఉండేది కాకినాడలో. ఆకాశం తెరిపిగా కనిపించే డాబా ఉంటే ఏ ఊళ్లోనైనా ఇది సాధ్యమే కాబట్టి వివరాలన్నీ రాసి పెడుతున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ విద్య నేర్పే వీడియోల్లో చాలావరకు అమెరికా వారి నోవా 15, 18, 19 వాతావరణ ఉపగ్రహాల గురించినవే. 1998లో ఎగిరిన నోవా 15తో సహా ఆ మూడింటినీ 2025లో ఆపేశారు. ఇప్పుడు 137.62 మెగాహెర్ట్జ్ దగ్గర ఎంతసేపు విన్నా గరగర తప్ప ఏమీ రాదు. ఏఐ సహాయకుడిని అడిగినా ఆ పాత జవాబే రావచ్చు, కాబట్టి తేదీ చూడకుండా ఏ సమాచారాన్నీ నమ్మవద్దు. ఇప్పుడు మనకు అందేవి రష్యా వారి మీటియార్ ఎన్2-3, ఎన్2-4. ఇవి 137.9 మెగాహెర్ట్జ్ మీద గానీ 137.1 మీద గానీ డిజిటల్ సంకేతం పంపుతాయి. మొదటిదాని సంకేతం బలహీనం. 2024 ఫిబ్రవరిలో ఎగిరిన ఎన్2-4తో మొదలుపెడితే నిరుత్సాహం తక్కువ.

యాంటెన్నాకు రెండు అల్యూమినియం కడ్డీలు చాలు. ఒక్కొక్కటి 53.4 సెంటీమీటర్లు. వాటిని 120 డిగ్రీల కోణంలో 'వి' ఆకారంలో, నేలకు సమాంతరంగా పీవీసీ గొట్టానికి బిగించాలి. 'వి' తెరిచిన వైపు ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి, ఎందుకంటే ఈ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి. కరెంటు పనివాళ్లు వాడే కనెక్టర్ ముక్కలో ఒక కడ్డీకి కోయాక్స్ కేబుల్ మధ్య తీగ, రెండోదానికి పైఅల్లిక కలపాలి. ఆ కొలత ఎక్కడిదంటే, కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 218 సెంటీమీటర్లు వస్తుంది, దానిలో నాలుగో వంతు 54.5, కడ్డీ చివరల ప్రభావం వల్ల ఇంకొంచెం తగ్గించాలి. ఇంటర్‌లో ఇదే సూత్రంతో ఎన్నో లెక్కలు చేసి, జవాబు సరిపోయిందో లేదో పుస్తకం చివర చూసుకునేవాడిని. ఈసారి జవాబును హాక్సా బ్లేడుతో కోశాను. ఆ సూత్రం ఇక మరిచిపోను.

సంకేతాన్ని పట్టేది ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న యూఎస్‌బీ పరికరం. టీవీ చూడటానికి తయారైన చిప్‌తోనే రకరకాల రేడియో తరంగాలు పట్టవచ్చని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు గ్రహించారు. సంకేతాన్ని చిత్రంగా మార్చే మిగతా పనంతా ఉచితంగా దొరికే సాట్‌డంప్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, పరికరాన్ని పొడవైన యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు దూరంగా ఉంచండి. మా డాబా మీద రణగొణ సగం ఈ రెండింటితోనే పోయింది.

ఉపగ్రహం వస్తున్నప్పుడు పౌనఃపున్యం దాదాపు 3 కిలోహెర్ట్జ్ ఎక్కువగా, వెళ్లిపోతున్నప్పుడు అంతే తక్కువగా ఉంటుంది. తెర మీద ఆ గీత వంగడం చూస్తే డాప్లర్ ప్రభావానికి వేరే వివరణ అక్కరలేదు. నన్ను అంతకంటే ఎక్కువగా పట్టేసింది తెర మీద కనిపించే చుక్కల నాలుగు గుంపులు. సంకేతం బలహీనంగా ఉన్నంతసేపూ తెర మీద అన్నీ కలిసిపోయిన మచ్చ ఒకటే ఉంటుంది. ఉపగ్రహం పైకి వచ్చేకొద్దీ అది నాలుగుగా విడిపోతుంది. అదే క్యూపీఎస్‌కే తరహా పద్ధతి, అంటే తరంగం దశను నాలుగు రకాలుగా మార్చి ఒక్కోసారి రెండేసి బిట్లు పంపడం. ఆ పక్కనే 'విటర్బీ' అన్న పేరు, దాని కింద తగ్గుతూ వచ్చే దోషాల అంకె. అది ఏమిటో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. అందిన బిట్లలో దోషాలను సరిదిద్దే పద్ధతి అది, బిట్లు వచ్చి ఉండగల దారుల్లో అన్నిటికంటే సరిపోయేదాన్ని ఎంచుతుంది. తరగతిలో ఆ పాఠం ఇంకా రాలేదు. ఏఐని జవాబు అడగలేదు, నాలుగు బిట్లతో చిన్న ఉదాహరణ ఇమ్మని అడిగి, కాగితం మీద దారులన్నీ నేనే గీసి, చివర సరిచూడమన్నాను. సాంకేతికతను ఇలా వాడితేనే నాకు చదువు వంటబడుతోంది.

ప్రేరణ కోసం ప్రసంగాలు వినడం మానేశాను. దాదాపు 820 కిలోమీటర్ల ఎత్తున పోయే ఉపగ్రహం మన ఆకాశంలో ఉండేది మహా అయితే పావుగంట. నా బద్ధకం దానికి పట్టదు. ఆ సమయానికి అన్నీ సిద్ధంగా ఉండాలంటే ముందురోజే చదవాల్సింది చదవాలి, బిగించాల్సింది బిగించాలి. పరీక్షకు చదివినప్పుడు రాని శ్రద్ధ దీనికి తనంతట తానే వస్తోంది, ఎందుకంటే ఈ ప్రశ్నలు ఎవరో ఇచ్చినవి కావు.

తర్వాతి పని రాగి తీగతో క్యూఎఫ్‌హెచ్ అనే మెలికల యాంటెన్నా. ఉపగ్రహ సంకేతం మెలితిరుగుతూ వస్తుంది కాబట్టి, ఇప్పటి 'వి' యాంటెన్నా దానిలో సగం శక్తిని వదులుకుంటోంది. క్యూఎఫ్‌హెచ్ ఆ మెలికకు తగినట్టు ఉంటుంది, దిగంతం దగ్గర కూడా బాగా పడుతుందంటారు. అక్టోబరులో తుఫానుల కాలం మొదలయ్యేలోగా దాన్ని నిలబెట్టాలి.