చెయ్యెత్తితే ఆపుతారా?

పళ్ళ డాక్టర్ గడప తొక్కకుండా నేను 22 ఏళ్ళు నెట్టుకొచ్చాను. గొప్ప కోసం చెప్పట్లేదు, ఎలా నెట్టుకొచ్చానో వింటే మీకే నవ్వొస్తుంది. ఎడమవైపు కింది దవడ పన్ను పిప్పి పట్టిందని అర్థమైన దగ్గర్నుంచి అన్నం కుడివైపే నమిలేవాణ్ణి. పెళ్ళిళ్ళలో ఐస్‌క్రీమ్ మొహమాటానికి తీసుకుని పూర్తిగా కరిగేదాకా చెంచాతో కెలుకుతూ కూర్చునేవాణ్ణి. బ్యాగులో ఎప్పుడూ లవంగాలుండేవి. ఆఫీసులో పక్క సీటతను ఒకసారి "మీ దగ్గర బిర్యానీ వాసనొస్తోందేంటి సార్" అని అడిగాడు కూడా. రాత్రిపూట నొప్పి లేస్తే ఒక పారాసెటమాల్, ఉప్పు నీళ్ళతో పుక్కిలింత, పొద్దున్నే ఏమీ జరగనట్టు మళ్ళీ ఆఫీసు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ చేసిన జంతిక కొరికితే అందులో నా పన్ను సగం వచ్చేసింది. మూడో రోజుకి చెంప పూరీలా పొంగింది. మా ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, హైదరాబాద్‌లో బస్సు దిగిన సాయంత్రమే అపాయింట్‌మెంట్ తీసేసుకుంది.

నా భయానికి ఒక తేదీ ఉంది. తొమ్మిదో తరగతి వేసవి సెలవులు. ఊరి పేరు, డాక్టర్ పేరు వద్దులెండి, ఆయన ఇప్పుడు లేరు కూడా. ఇంజెక్షన్ ఇచ్చారు, బయట కూర్చోబెట్టారు, కాసేపటికి పిలిచి పటకారు పెట్టారు. నొప్పి తెలుస్తోందని అరిచాను. "నొప్పేం లేదు, ఉత్తి భయం. మత్తిచ్చాక నొప్పెలా వస్తుంది, నాటకాలాడకు" అన్నారు. నాన్న నా చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు. పన్ను వచ్చేసింది. ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆ నొప్పి ఎలా ఉందో చెప్పలేను గానీ, నాకు నొప్పి లేదని ఇంకొకాయన నాకే చెప్పడం, నాన్న ఆయన మాటే నమ్మడం మాత్రం అలాగే ఉండిపోయాయి.

అపాయింట్‌మెంట్ ముందు రోజు రాత్రి నిద్రపట్టక ఫోన్లో మత్తుమందు చరిత్ర చదువుతూ పడుకున్నాను (భయస్తులు చేసే పనే ఇది). 1844 డిసెంబర్‌లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టర్ లాఫింగ్ గ్యాస్ ప్రదర్శన చూడ్డానికి వెళ్ళాడట. ఆ గ్యాస్ పీల్చిన ఒకతను కాలికి దెబ్బ తగిలించుకుని కూడా నొప్పే తెలియనట్టు వచ్చి కూర్చున్నాడు. మర్నాడు వెల్స్ అదే గ్యాస్ పీల్చి, ముందు తన పన్నే పీకించుకున్నాడు. రెండేళ్ళ తర్వాత బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి ఆపరేషన్ చేయించి చూపించిన మోర్టన్ కూడా పళ్ళ డాక్టరే. అంటే నొప్పి లేకుండా కోయడం లోకానికి చూపించింది మనం ఇంత భయపడే ఈ జాతివాళ్ళే. ఇది చదివాక భయం తగ్గిందా అంటే లేదు, కానీ కుర్చీలో ముందు తను కూర్చున్న ఆ మనిషి మాత్రం నచ్చాడు.

క్లినిక్ తలుపు తీయగానే ఆ వాసన. 22 ఏళ్ళైనా మారలేదు. కాళ్ళు చల్లబడిపోయాయి. అది లవంగ నూనె వాసనేనట, తాత్కాలికంగా పెట్టే సిమెంట్‌లో యూజినాల్ కలుపుతారు, లవంగంలో ఉండేదీ అదే. మరి ఇన్నేళ్ళూ బ్యాగులో మోసిన వాసన నన్నేమీ చెయ్యలేదు, గోడకి పళ్ళ బొమ్మలున్న గదిలోకి వచ్చేసరికి మాత్రం చెమటలు పట్టాయి!

డాక్టర్ నాకంటే చిన్నావిడ. నన్ను నేరుగా ఆ పెద్ద కుర్చీలో పడుకోబెట్టలేదు. బల్ల దగ్గర మామూలు కుర్చీ చూపించి, మాస్క్ కిందికి దించి, మొహం కనపడేలా కూర్చుని "చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు, అప్పుడేమైంది" అని అడిగారు. తొమ్మిదో తరగతి కథంతా చెప్పాను. చెంప వాచి మాట సరిగ్గా రావట్లేదు, అయినా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ, ఇంత పాడు చేసుకుంటారా" అనే మాట వస్తుందని ఎదురుచూస్తున్నాను. రాలేదు. ఈ ఒక్క మాటకి భయపడి పళ్ళు చూపించుకోని వాళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నారు. నొప్పి భరిస్తారు గానీ తిట్లు తినడానికి డబ్బులెవరిస్తారు?

తర్వాత ఒక కాగితం ఇచ్చారు. ఐదు ప్రశ్నలే. రేపు పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, బయట కూర్చుని ఉన్నప్పుడు ఎలా ఉంటుంది, డ్రిల్ పెట్టబోతున్నప్పుడు, గార తీయబోతున్నప్పుడు, చిగురికి ఇంజెక్షన్ ఇవ్వబోతున్నప్పుడు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. 19 గానీ అంతకు మించి గానీ వస్తే భయం చాలా ఎక్కువున్నట్టు లెక్క. నాకు 22 వచ్చాయి. జీవితంలో ఒక్క డ్రాయింగ్ పరీక్షలో తప్ప ఇంత శాతం ఎప్పుడూ రాలేదు. ఆవిడ ఆ కాగితం నా ఫైల్లో పెట్టి "సరే, అయితే మనం ఇంకొంచెం నెమ్మదిగా చేద్దాం" అన్నారు.

గమనించారా, "భయపడకండి" అనలేదు. డాక్టర్లందరికీ చేతులెత్తి దణ్ణం పెడతాను, ఆ మాట అనకండి. భయపడకండి అంటే భయం పోయేటట్టుంటే ఇంట్లోవాళ్ళు అన్నప్పుడే పోయేది.

ఆ రోజు ఎక్స్‌రే తీసి, వాపు తగ్గడానికి మందులు రాసి పంపేశారు. వెళ్ళే ముందు డబ్బుల సంగతి కాగితం మీద రాసిచ్చారు: రూట్ కెనాల్‌కి ఇంత, క్యాప్ ఈ రకం అయితే ఇంత, ఆ రకం అయితే ఇంత, ఏ రకమో ఇప్పుడే చెప్పక్కర్లేదు. కుర్చీలో నోరు తెరిచి పడుకున్నాక "ఇంకో పన్ను కూడా పోయిందండీ, అది కూడా చేసేద్దామా" అంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? నా వరకు ఈ భయం సూది భయం కంటే ఏం తక్కువ కాదు.

వారం తర్వాత అసలు రోజు. కుర్చీ వెనక్కి వాల్చే ముందు కూడా "ఇప్పుడు వాలుస్తున్నాను" అని చెప్పారు. తర్వాత ఒక నియమం పెట్టారు. "నోరు తెరిచి ఉంటుంది, మీరు మాట్లాడలేరు. ఎడమ చెయ్యి ఎత్తండి చాలు, ఆపేస్తాను. కారణం చెప్పక్కర్లేదు." ఎడమ చెయ్యే ఎందుకంటే ఆవిడ కుడివైపు కూర్చుంటారు, పనిముట్లకి చెయ్యి తగలకూడదు.

ముందు దూదికి మొద్దుబార్చే జెల్ అద్ది చిగురు మీద పెట్టి రెండు నిమిషాలు ఆగారు. చాలామంది అది పెట్టీ పెట్టగానే సూది దించేస్తారట, అప్పుడది పెట్టి లాభమేంటి. సూది నా కళ్ళ ముందు నుంచి రాలేదు, గడ్డం కింది నుంచి ఎలాగో వచ్చింది. చెంప కొంచెం లాగి పట్టుకుని మందు చుక్క చుక్కగా ఎక్కించారు. నొప్పి సూది గుచ్చడం వల్ల కంటే మందు గబగబా తోసెయ్యడం వల్లే ఎక్కువ వస్తుందట. ఎక్కించే ముందే ఇంకో మాట చెప్పారు: "ఇది 2 శాతం లిగ్నోకెయిన్. ఇందులో చాలా కొంచెం, 80,000 కి 1 వంతు, అడ్రినలిన్ ఉంటుంది. కాసేపు గుండె దడదడలాడొచ్చు. అలా అయితే అది మందు వల్ల, మీకేదో అయిపోతోందని కాదు." సరిగ్గా అలాగే దడ మొదలైంది. ఆవిడ ముందు చెప్పి ఉండకపోతే కుర్చీలోంచి లేచి పరిగెత్తేవాణ్ణే.

పది నిమిషాల తర్వాత పెదవి ఎడమ సగం మొద్దుబారిందా అని అడిగారు. కొసలో ఇంకా తెలుస్తోంది అన్నాను. సన్నటి పనిముట్టుతో చిగురు మీద అటు ఒకసారి, ఇటు ఒకసారి నొక్కి తేడా అడిగారు. "సరే, ఇంకో ఐదు నిమిషాలు చూసి, అవసరమైతే ఇంకొంచెం ఇద్దాం" అని పక్కన కూర్చున్నారు.

నేను ఉండబట్టలేక అడిగాను. మత్తిచ్చాక కూడా నొప్పి రావడం నిజంగా ఉంటుందా అని.

"ఎందుకుండదు? ముఖ్యంగా వాచిపోయి, చీము పట్టిన పన్నుకి. అక్కడ ఆమ్లం ఎక్కువవుతుంది, మందు నరంలోకి సరిగ్గా దిగదు. మీకప్పుడు పన్ను బాగా వాచి ఉందా?"

ఉంది. బాగా వాచే ఉంది. అందుకే కదా తీసుకెళ్ళారు.

నేను నాటకం ఆడలేదన్నమాట. ఆ గదిలో పైకప్పు లైటు చూస్తూ ఈ సంగతి జీర్ణం చేసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. నాన్న ఉంటే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి.

డ్రిల్ మొదలైంది. వాళ్ళు ఎయిర్‌రోటర్ అంటారు, నిమిషానికి 3 లక్షల సార్లకు పైనే తిరుగుతుంది, ఆ కీచు శబ్దం దానిదే. చెవుల్లో పాటలు పెట్టుకోమన్నారు గానీ నేను తీసేశాను. నాకు ఏం జరుగుతోందో వినపడకపోతేనే టెన్షన్ ఎక్కువ. కొందరికి వినపడకపోతేనే హాయి, అందుకే అందరికీ ఒకే హెడ్‌ఫోన్ తగిలించెయ్యకుండా అడగడం మంచిది. మొదలుపెట్టి నిమిషం కూడా అయ్యుండదు, నొప్పి ఏమీ లేదు, అయినా నేను ఎడమ చెయ్యి ఎత్తాను.

శబ్దం ఆగిపోయింది. పనిముట్టు నోట్లోంచి బయటికొచ్చింది. "చెప్పండి, నొప్పా?"

"లేదు మేడమ్. ఊరికే. ఆపుతారో లేదో అని."

ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. "ఆపాను కదా. మళ్ళీ ఎప్పుడైనా ఎత్తొచ్చు" అని మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తర్వాత నలభై నిమిషాల్లో నేను ఇంకొక్కసారే ఎత్తాను, అది కూడా నోట్లో నీళ్ళు నిండి గుటక వెయ్యడానికి.

అందరు డాక్టర్లకీ ఇంత తీరిక ఉండదని నాకు తెలుసు. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో బయట వరస మెట్ల దాకా ఉంటే లోపలున్నవాళ్ళు కబుర్లు చెప్తూ కూర్చోలేరు. కానీ ఆ చెయ్యి సంగతి చెప్పడానికి పది సెకన్లు చాలు. పెదవి మొద్దుబారిందో లేదో అడగడానికి ఇంకో పది. ఖర్చు లేని పనులు ఇంకా ఉన్నాయి. నోట్లో నాలుగు వస్తువులు పెట్టి "ఎక్కడ పనిచేస్తారు సార్" అని అడగకపోవడం. నా మొహం మీదుగా అసిస్టెంట్‌తో నిన్నటి పేషెంట్ గొడవ మాట్లాడకపోవడం. ఇక మరీ తట్టుకోలేని వాళ్ళకి ముందుగా మాత్ర ఇచ్చో, వెల్స్ పీల్చిన ఆ లాఫింగ్ గ్యాసే ఆక్సిజన్‌తో కలిపి ఇచ్చో చేసే పద్ధతులూ ఉన్నాయి. నాకు అంతదాకా రాలేదు.

తర్వాత మా పాపని తీసుకెళ్ళాను, ఆరేళ్ళు. చెప్పు, చూపించు, తర్వాత చెయ్యి అనే పద్ధతి పిల్లల కోసం 1959 నుంచీ ఉందట, దాన్ని కళ్ళారా చూశాను. తిరిగే బ్రష్‌ని ముందు పాప గోటి మీద తిప్పారు. "ఇది కితకితలు పెడుతుంది, చూడు" అంటే పాప రెండో చెయ్యి కూడా ఇచ్చింది. తర్వాతే నోట్లో పెట్టారు. పక్కన ఇంకో బాబు వాళ్ళమ్మ "ఏడిస్తే డాక్టర్ పెద్ద సూది పొడుస్తారు" అని వాణ్ణి అదిలిస్తోంది. అమ్మా, తల్లీ, నువ్వు అలా అంటుంటే లోపల ఆవిడ గోళ్ళ మీద ఎన్ని బ్రష్షులు తిప్పి ఏం లాభం?

ఇప్పుడు మిగిలింది మా అమ్మ. పైవరసలో ఒక పన్ను ఎప్పట్నుంచో కదులుతోంది. పై పన్ను పీకిస్తే చూపు పోతుందని వాళ్ళ పిన్ని చెప్పిందట, దాన్నే పట్టుకుని కూర్చుంది. కంటి నరం వేరు, పంటి నరం వేరు అని చెప్తే "అవునా, నువ్వు డాక్టరువా" అంటుంది. నిన్న ఫోన్లో నా కథంతా మళ్ళీ చెప్పించుకుని, చివర్లో కాసేపు మాట్లాడకుండా ఉండి అడిగింది.

"ఆ అమ్మాయి చెయ్యెత్తితే నిజంగానే ఆపుద్దారా?"

"ఆపుతుందమ్మా. నేను ఊరికే ఎత్తినా ఆపింది."

"ఊఁ. దసరా వెళ్ళాక చూద్దాంలే."